నా చేతికి తిరగని ఇంజను

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తినవాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపేవారు తప్ప జవాబు చెప్పేవారు కాదు. నేను ఆ ఇంట్లో పెరిగాను. శ్మశానం పక్క దారిలో సైకిలు మీద కాలేజీకి వెళ్ళాను. తాయెత్తు కట్టుకోలేదు, పిల్లి ఎదురొస్తే ఆగలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా దయ్యం గురించి అని నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఇది పట్టపగలు, తెనాలిలో ఒక మెకానిక్ షెడ్డులో, నాతోపాటు మరికొందరు చూస్తుండగా జరిగింది.

రేపల్లె చుట్టుపక్కల పాతవాళ్ళకి మా ఇంటిపేరు చెబితే ఇప్పటికీ తెలుస్తుంది. ఇక్కడ మాత్రం రాయను. ఒకప్పుడు ఆ పేరు లారీల నుదుట ఉండేది. తాతగారి రోజుల్లో బాపట్ల నుంచి తెనాలి దాకా ఏ మిల్లు ముందు చూసినా మా బండి ఒకటి నిలబడి ఉండేదట. నాన్న చేతికి వచ్చేసరికి వాటిలో సగం కూడా మిగల్లేదు. నాన్న పోయాక నా పేరు మీదకి మారింది ఒకే ఒక్క లారీ. మిగిలినవి ఎలా పోయాయో ఇక్కడ అనవసరం. మేం ఎవరినీ మోసం చేసి పోగొట్టుకోలేదు, అంతే.

ఇది రెండువేల అయిదు, ఆరు ప్రాంతం. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే డ్రైవర్ల చొక్కా జేబుల్లోకి వస్తున్నాయి. మా డ్రైవరు సాంబయ్య. తాతగారి దగ్గర క్లీనరుగా చేరి, ఆ ఒక్క లారీ మిగిలేదాకా మాతోనే ఉన్నవాడు. వేరే ఓనర్లు పిలిచినా వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ ఏడు కోతలకు కొంచెం ముందు, బాపట్ల నుంచి లోడుతో రేపల్లె వస్తున్నాం. నేను పక్క సీట్లో ఉన్నాను. కర్లపాలెం దాటాక ఇంజను లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు మొదలైంది. సాంబయ్య కాలు తీసేలోపే ఇంజను పట్టేసింది. వెనక చక్రాలు బిగుసుకుని బండి అడ్డంగా ఈడ్చుకుపోయింది. ఎదురుగా వస్తున్న బస్సును డ్రైవరు రోడ్డు దించేశాడు కాబట్టి అందరం బతికాం. బండి కాలవ గట్టు మీద ఆగింది. సాంబయ్య స్టీరింగు వదలడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు నేనే ఒక్కొక్కటీ విడదీశాను.

ఇంజను విప్పితే తెలిసింది. ఇంజనులో తిరిగే పెద్ద ఇరుసు, క్రాంక్ షాఫ్టు. దాన్ని మోసే మెయిన్ బేరింగుల్లో ఒకటి కాలి, షాఫ్టుకి అతుక్కుపోయింది. బేరింగుకీ షాఫ్టుకీ మధ్య నూనె పొర నిలబడడానికి వెంట్రుకంత సందు ఉండాలి. దాన్నే క్లియరెన్సు అంటారు. అది ఎక్కువైతే చప్పుడు, తక్కువైతే ఇలా పట్టేయడం. ఆ వెంట్రుకంత సందు విలువేమిటో నాకు కాలవ గట్టు మీద తెలిసింది. ఈ సంగతి గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

రేపల్లెలో ఒక రైస్ మిల్లు వాళ్ళు ఆ సీజను ధాన్యం తోలకం మాకు ఇస్తామన్నారు. షరతు ఒకటే. కొత్త ధాన్యం కళ్ళాల నుంచి కదిలే రోజుకి బండి మిల్లు ముందు ఉండాలి. లేకపోతే తోలకం వేరేవాళ్ళకి. అది పోతే ఆ లారీని నిలుపుకునే దారి మాకు లేదు. ఆ లారీ పోతే మా పేరు ఇక ఏ రోడ్డు మీదా ఉండదు.

బండిని తెనాలి లాక్కొచ్చి దానియేలు షెడ్డులో పెట్టాం. దానియేలు మంచి పనివాడు, అంతకన్నా మంచి మాటకారి. ఆదివారం షెడ్డు తెరవడు. ఆ రోజు చర్చిలో అతని గొంతే పెద్దదని చెప్పుకునేవారు. మిగతా రోజుల్లో షెడ్డులో ఎవరినీ ఎగతాళి చేయకుండా వదలడు. నన్ను కూడా.

షాఫ్టును లేతు మీద సాన పట్టించాం. దానికి సరిపడే కొత్త బేరింగులు వేశాం. కొలతలు నేనే తీశాను. మా షెడ్లలో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి, ఆ పని నాకు కొత్త కాదు. మైనం దారంలాంటి సన్నని గేజి తీగ ఉంటుంది. నూనె తుడిచిన షాఫ్టు మీద దాన్ని ముక్కగా పెట్టి, పైన బేరింగు మూత, అంటే క్యాప్, బిగించి, మళ్ళీ విప్పి చూడాలి. తీగ ఎంత వెడల్పుగా నలిగితే సందు అంత తక్కువ. ఏడు మెయిన్ బేరింగుల్లోనూ తీగ ఒకేలా నలిగింది. ఎక్కడా వంక లేదు. దానియేలు మళ్ళీ కొలిచాడు. అతనికీ అదే వచ్చింది. తర్వాత నూనె రాసి క్యాపులు ఒక్కొక్కటే బిగిస్తూ, బిగించినప్పుడల్లా షాఫ్టును చేత్తో తిప్పి చూశాడు. పిస్టన్లు ఇంకా ఎక్కించలేదు. తడి మట్టి కింద కుమ్మరి సారె తిరిగినట్టు తిరిగింది.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. తాతగారి షెడ్డులో ఏ ఇంజనూ ఓనరు చెయ్యి పడకుండా మూసేవారు కాదు. మెయిన్ బేరింగులు బిగించాక, బండి ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషి వచ్చి, ఇనుప బారు లేకుండా, గుడ్డ లేకుండా, వట్టి చేతులతో షాఫ్టును ఒక చుట్టు తిప్పాలి. తిప్పాకే మిగతా పని. తాతగారు మొదట్లో తన లారీ తనే తోలేవారు. ఎవరో సరిగా మూయని ఇంజనుతో దారిలో ప్రాణం మీదకి తెచ్చుకున్నారట. అందుకే డ్రైవరును ఎక్కించే ముందు ఆ సందు ఓనరు చేతికి తెలియాలని పెట్టిన నియమం. పూజ కాదు, మొక్కు కాదు. నాన్న ప్రతి ఇంజనుకీ వచ్చి తిప్పేవారు. ఇదే లారీకి ఒకసారి తన చేతుల పక్కన నా చేతులు కూడా వేయించారు. అప్పుడు తేలిగ్గా తిరిగింది.

నేను చేతులు కడుక్కుని వచ్చి, షాఫ్టు వెనక అంచు పట్టుకుని తిప్పాను.

కదల్లేదు.

పట్టు సరిగా దొరకలేదనుకుని మళ్ళీ పట్టుకున్నాను. కాళ్ళు ఎడం చేసి బలం పెట్టాను. గోడను తిప్పుతున్నట్టు ఉంది. దానియేలు నవ్వాడు.

"ఏంటి బాబుగారూ, పొద్దున టిఫిన్ మానేశారా?"

అతను వచ్చి ఒంటిచేత్తో తిప్పాడు. తిరిగింది. నేను పట్టుకున్నాను. తిరగలేదు. సాంబయ్య వచ్చి తిప్పాడు. తిరిగింది. ఈసారి సాంబయ్య తిప్పుతుండగానే, అది తిరుగుతూ ఉండగానే, నేను అంచు మీద చెయ్యి వేశాను. ఆగిపోయింది. మెల్లగా కాదు, పట్టుకుని ఆపినట్టు. మణికట్టు మెలిపడి సాంబయ్య అబ్బా అన్నాడు. నేను చెయ్యి తీశాను. అతను తిప్పాడు. తిరిగింది.

దానియేలు నవ్వడం మానేశాడు.

ఆ మధ్యాహ్నం అన్నీ విప్పాం. క్యాపులు లేకుండా వట్టి షాఫ్టు నా చేతికి తిరిగింది. ఒక్క క్యాప్ బిగిస్తే ఆగింది. ఏ క్యాప్ అయినా అంతే. మొదటిది బిగించినా, చివరిది బిగించినా, మధ్యలోది బిగించినా. ఒక బేరింగు బిర్రుగా ఉంటే ఆ ఒక్కటి బిగించినప్పుడే పట్టాలి. అన్నింటికీ పట్టిందంటే తప్పు ఏ ఒక్కదానిలోనూ లేనట్టు. పైగా మిగతావాళ్ళ చేతికి అదే షాఫ్టు, అదే క్యాప్, అదే బిగింపు, హాయిగా తిరుగుతోంది.

నాకు ఒక ఆశ కలిగింది. తాతగారి షెడ్డులో ఇంజన్ల వెనక, ఫ్లైవీల్ అనే బరువు చక్రం ఉండే వైపు, తూర్పుకి ఉండేలా పెట్టేవారు. లెక్క తూర్పు నుంచే మొదలు. అందుకని మా ఇంజన్ల క్యాపుల మీద మా పనివాళ్ళు కొట్టిన నంబర్లు ఫ్లైవీల్ వైపు నుంచి ఉంటాయి. ఊళ్ళో అందరూ ముందు ఫ్యాను వైపు నుంచి లెక్కపెడతారు. దానియేలు మా నంబర్లు చూసి తన లెక్కలో పెట్టి ఉంటే క్యాపులన్నీ తారుమారై ఉంటాయి. ఏ క్యాప్ దాని చోటే ఉండాలి, లేకపోతే ఇంజను పట్టేస్తుంది. తప్పు దొరికిందని అంత సంతోషం నాకు ఇంకెప్పుడూ కలగలేదు. క్యాపులు గీకి చూశాం. మా నంబరు కింద కంపెనీ నంబరు కూడా ఉంది. దానియేలు కంపెనీ నంబరు ప్రకారమే పెట్టాడు. అన్నీ వాటి చోటనే ఉన్నాయి.

మర్నాడు దానియేలు పక్కనున్న పాత ఇనుము కొట్టు నుంచి కొక్కెం త్రాసు తెచ్చాడు. తిప్పడానికి ఎంత బలం పడుతుందో చూద్దాం, అప్పుడు మీ చెయ్యా, మీ మనసా తేలిపోతుంది అన్నాడు. షాఫ్టు అంచుకి తాడు చుట్టి, కొసకి త్రాసు తగిలించి లాగాలి. అతను లాగితే ముల్లు కొద్దిగా కదిలింది, షాఫ్టు తిరిగింది. సాంబయ్య లాగినా అంతే. ఇనుము కొట్టాయన వచ్చి లాగాడు, అంతే. నేను లాగాను. ముల్లు చివరిదాకా వెళ్ళింది. తాడు బిర్రుగా తీగలా మోగింది. షాఫ్టు కదల్లేదు. నేను కళ్ళు మూసుకుని లాగాను. వీపు తిప్పుకుని లాగాను. దానియేలు నా చేతి మీద తన చెయ్యి వేసి, నా బదులు తనే లాగాడు. కదల్లేదు. నేను చెయ్యి మెల్లగా బయటికి తీశాను. తాడు ఒక్కసారిగా వదులై అతను వెనక్కి పడబోయాడు.

ఇనుము కొట్టాయన త్రాసు తీసుకుని వెళ్ళిపోయాడు. దానియేలు చేతులు గుడ్డకి తుడుచుకుని, కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. నా ఇంజను దగ్గర ప్రార్థనలు వద్దన్నాను.

"ఇంజనుకి కాదండి," అన్నాడు. "మీకే."

సాంబయ్య అప్పుడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. నాన్న పోయిన రోజు తప్ప అతను నా కళ్ళలోకి అలా చూసినట్టు గుర్తు లేదు.

"నా చేతికి తిరుగుతుంది గదండి. తోలేది నేనే గదా. మూసెయ్యమనండి బాబుగారూ."

"నా చేతికి తిరగంది నీ కింద పెట్టి పంపను."

"బండి లేకపోతే నేనేం తోలాలండి, గేదెల్నా?"

దానియేలు కూడా అదే అన్నాడు. ఎవరు చూడొచ్చారు, ఆ చుట్టు నేను తిప్పానుగా, సాంబయ్య తిప్పాడుగా అన్నాడు. వాళ్ళు చెప్పింది న్యాయమే. కానీ కాలవ గట్టు మీద సాంబయ్య వేళ్ళు విడదీసింది నేను. లోడుతో వెళ్తున్న బండిలో ఆ షాఫ్టు నా చేతికి ఆగినట్టు ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. అదీగాక, మా షెడ్డులో ఓనరు చెయ్యి పడకుండా ఏ ఇంజనూ బయటికి పోలేదు. మిగిలిన ఒక్క బండితో ఆ నియమం నేను తప్పలేను. చాదస్తం అని చాలామంది అన్నారు. నేను ఇప్పటికీ అది తప్పనుకోను.

గడువు అడగడానికి రేపల్లె వెళ్ళాను. నా జన్మలో నేను ఏ మిల్లు ముందూ నిలబడి ఏదీ అడగలేదు. మిల్లు యజమాని కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. ఇంకొన్నాళ్ళు ఆగమన్నాను. కారణం ఏమని చెప్పను? ఇంజను సిద్ధంగా ఉంది, నాకు తిరగడం లేదు అనా? బేరింగు పని ఇంకా కాలేదన్నాను. అతను నవ్వుతూ, చిన్నతనంలో విన్న మాటగా ఒకటి చెప్పాడు.

"మీ తాతగారి బండ్లు ఆయన చెయ్యి తగిలితేనే కదిలేవంటారు. మీ బండికేమైందండి?"

తెనాలిలో జరిగింది అతనికి తెలిసే అవకాశం లేదు. మామూలు ఎత్తిపొడుపే. కానీ ఆ మాటకి నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. కొత్త ధాన్యం అప్పటికే రోడ్డెక్కింది. దారిలో ఎదురైన ట్రాక్టర్లన్నీ బస్తాలతోనే ఉన్నాయి.

తిరిగి తెనాలి వచ్చి బేరింగులు మార్చాను. ఇంకో జత తెప్పించాను. మళ్ళీ తీగ పెట్టి కొలిచాను, మళ్ళీ అదే వెడల్పు. మళ్ళీ అందరికీ తిరిగింది, నాకు తిరగలేదు. అన్నం సయించేది కాదు. షెడ్డు గడపలో కూర్చుని నా చేతులు నేనే చూసుకునేవాణ్ణి. సైకిలు పెడలు తిప్పి చూశాను, తిరిగింది. బావి గిలక తిరిగింది. దానియేలు షెడ్డులోనే విప్పి ఉన్న వేరొకరి ఇంజను షాఫ్టు పట్టుకుని చూశాను. అది కూడా తిరిగింది. ఆ రోజు నేను మొదటిసారి భయపడ్డాను.

అమ్మకి ఎవరు చెప్పారో తెలియదు, సాంబయ్యే అయ్యుంటాడు. రేపల్లె నుంచి బస్సెక్కి వచ్చింది. మా ఆడవాళ్ళు షెడ్లలోకి రారు. మా అమ్మ ఆ నూనె మరకల్లో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వచ్చి, ఏదయ్యా అది అని దానియేలుని అడిగింది. చూపించాడు. గాజులు పైకి తోసుకుని రెండు చేతులతో తిప్పింది. తిరిగింది. డెబ్బయ్యేళ్ళకి దగ్గరవుతున్న మనిషి.

చేతులకంటిన నూనె తుడుచుకోకుండా నా వైపు చూసింది.

"అమ్మెయ్యి నాన్నా," అంది.

అంతవరకు ఆ మాట మా ఇంట్లో ఆవిడ నోటి నుంచి రాలేదు. ఒక్కొక్క లారీ పోతున్నప్పుడు కూడా రాలేదు. నేను వద్దనలేదు. వద్దనడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ వారంలోనే మిల్లు తోలకం వేరే బండ్లకి ఇచ్చేశారని తెలిసింది.

కొన్న మనిషి ఈపురుపాలెం నుంచి వచ్చాడు. నూలు బేళ్ళు తోలుకునేవాడు. ఇంజను విప్పి ఉండగానే చూసుకున్నాడు. నా సంగతి అతనికి దాచలేదు. షాఫ్టు నా చేతికి తిరగడం లేదు, కారణం నాకు తెలియదు, ఆలోచించుకోండి అని చెప్పాను. దాచి అమ్మే అలవాటు మాకు లేదు. అతను దానియేలు వైపు చూశాడు, వంగి షాఫ్టు తిప్పాడు, మరో దిక్కుకి తిప్పాడు. బానే ఉంది గదండి అన్నాడు, నా మతి మీద జాలి పడుతున్నట్టు.

కాగితాలు దానియేలు బల్ల మీదే పరిచారు. నేను సంతకాలు పెట్టాను. సాంబయ్యని కూడా బండితోపాటు తీసుకోమని అడిగాను. అడగడం అలవాటు లేనివాణ్ణి, ఎలాగో అడిగాను. కొన్నతను ఒప్పుకున్నాడు. సాంబయ్య ఆ మాట విని బయటికి వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు.

నేను చెప్పులేసుకుని బయల్దేరుతుంటే దానియేలు పిలిచాడు. అతని గొంతులో ఎగతాళి లేదు.

"ఒక్కసారి చెయ్యి వెయ్యండి బాబుగారూ."

నాది కాని బండి మీద చెయ్యి వెయ్యను అన్నాను. ఈపురుపాలెం ఆయన, పర్లేదండి, వెయ్యండి అన్నాడు. అతని బండి, అతని అనుమతి. కాదనడం మర్యాద కాదని వెనక్కి వచ్చాను. అంతకుముందులాగా కాళ్ళు ఎడం చేయలేదు, బలం పెట్టలేదు. అంచు మీద రెండు వేళ్ళు ఆనించాను.

తిరిగింది.

ఇంకో చుట్టు తిప్పాను. నూనెలో బేరింగు జారుతున్న మెత్తదనం వేళ్ళకి తెలిసింది. ఆ సందు ఎంతుండాలో అంతే ఉంది. నాన్న చేతుల పక్కన నా చేతులు పెట్టించిన రోజు ఎలా తిరిగిందో అలాగే తిరిగింది. దానియేలు అటు తిరిగి దేనికోసమో వెతుకుతున్నట్టు నటించాడు. నేను స్టేషనుకి నడిచి వెళ్ళాను.

ఆ ఇంజను అవే బేరింగులతో చాలా ఏళ్ళు నడిచింది. ఎప్పుడూ పట్టేయలేదని సాంబయ్య నోటనే విన్నాను. కాబట్టి ఇంజనులో లోపం ఉందని నేను అనలేను.

ఈ సంగతి తెలిసిన బంధువొకాయన ఫిజిక్సు లెక్చరరు. ప్రమాదం చూసిన భయంలో నీ కండరాలే ఎదురు పట్టాయి, నీకు తెలియకుండా నువ్వే ఆపావు అన్నాడు. కావచ్చు. మరి దానియేలు లాగుతున్నప్పుడు నా చెయ్యి తాడుకి అంటుకుని మాత్రమే ఉంది. త్రాసు ముల్లుకి నా భయం ఎలా తెలిసింది అని అడిగాను. అమ్మ దీని గురించి మళ్ళీ మాట్లాడలేదు. ఇది తాతగారి పని అనే మాట మా మధ్య ఎవరూ అనలేదు. నేను అనను. చనిపోయిన మనిషిని ఇలాంటి వాటికి సాక్ష్యం పిలవడం నాకు ఇష్టం ఉండదు.

రెండో జత బేరింగుల మీద మొదటిసారి చెయ్యి వేసిన రోజుకీ, చివరిసారి వేసిన రోజుకీ మధ్య ఏం మారిందని ఎన్నోసార్లు ఆలోచించాను. షాఫ్టు అదే. క్యాపులు అవే. చేతులు అవే. మధ్యలో నేను పెట్టిన సంతకం ఒక్కటే కొత్తది. సంతకానికి ఇనుము ఎందుకు కదలాలో నాకు ఇప్పటికీ తెలియదు.